కవరు మానేస్తే ఏ సంచి? పత్తి, జనపనార సంచులు ఎంచుకోవడం, కుట్టుకోవడం, కాపాడుకోవడం

ప్లాస్టిక్ కవర్లు మానేద్దామని గట్టిగా అనుకున్న ఇంట్లో ఏడాది తిరిగేసరికి తలుపు వెనక మేకుకు పాతిక సంచులు వేలాడుతుంటాయి. పెళ్లిలో తాంబూలంతో ఇచ్చినవి, బట్టల షాపువాళ్లు చీర పెట్టి ఇచ్చినవి, ఏదో సభలో పంచినవి. వాటిలో ఐదు కిలోల బియ్యం, రెండు కిలోల ఉల్లిపాయలు వేసుకుని ధైర్యంగా ఇంటికి రాగలిగినవి రెండో మూడో ఉంటాయి. చాలావరకు అసలు గుడ్డే కాదు. అందుకే సంచుల విషయంలో ముందు తేల్చుకోవాల్సింది ఎన్ని కొనాలని కాదు, ఎంత తక్కువతో సరిపెట్టుకోవచ్చని.

దీనికి లెక్క ఉంది. ఇంగ్లండ్ ప్రభుత్వ పర్యావరణ ఏజెన్సీ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒకసారి వాడి పారేసే పల్చటి కవరు కంటే పత్తి సంచి మేలు అనిపించుకోవాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలి. అది భూతాపం పెంచే వాయువుల లెక్క మాత్రమే. పత్తి పండించడానికి, వడకడానికి, నేయడానికి అంత ఖర్చవుతుంది మరి. కాలువలకు అడ్డుపడే కవర్లు, ఆవుల కడుపులో చేరే కవర్లు ఆ లెక్కలోకి రాలేదు కాబట్టి అది సగం లెక్కే. అయినా పక్కన పెట్టేయదగ్గది కాదు. వారానికి రెండుసార్లు బజారుకు వెళ్లేవాళ్లు ఒకే సంచి వాడితే ఏడాదీ మూడు నెలల్లో ఆ సంఖ్య దాటేస్తారు. పాతిక సంచులు మార్చి మార్చి వాడితే ఏ ఒక్కటీ దాని దరిదాపులకు రాదు. మంచివి కొన్ని, ఎక్కువ ఏళ్లు: ఎంపికంతా ఈ దారిలోనే సాగాలి.

ముందు మీ ఇంటి సరుకు చూసుకోండి

సంచి కొనే ముందు రెండు వారాలపాటు ఇంటికి ఏం వస్తోందో, ఎంత బరువుతో వస్తోందో, ఎలా వస్తోందో (నడిచా, స్కూటర్ మీదా, ఆటోలోనా) ఒక కాగితం మీద రాసుకోండి. నలుగురున్న ఇంటికి వారానికి కూరగాయలు ఆరేడు కిలోలు, పళ్లు రెండు మూడు కిలోలు వస్తాయనుకుంటే చాలావరకు ఈ జాబితా సరిపోతుంది: ఎనిమిది కిలోలు మోసే పత్తి సంచులు రెండు, నెల సరుకులకు అడుగు వెడల్పున్న జనపనార సంచి ఒకటి, విడి కూరలకు పల్చటి మల్లు గుడ్డ సంచులు నాలుగు, మడిచి హ్యాండ్‌బ్యాగులోనో స్కూటర్ డిక్కీలోనో పడేసే తేలిక సంచి ఒకటి. మొత్తం ఎనిమిది, అందులో సగం చిన్నవే.

చేపలు, మాంసం గుడ్డ సంచిలో వేయకండి. నీచు నీళ్లు నేతలోకి దిగితే ఒక్క ఉతుకుతో పోవు, ఆ తర్వాత అదే సంచిలో కొత్తిమీర వేస్తే లేనిపోని జబ్బులు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా దీనికి సరైనది. పెరుగు, దోశెల పిండికి క్యాను. ఇవి సంచి పనులు కావని ముందే ఒప్పుకుంటే సంచులు ఎక్కువ కాలం ఉంటాయి.

గుడ్డలా కనిపించే ప్లాస్టిక్‌ను పట్టుకోవడం

కొనుగోలుదారులు అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. బట్టల షాపుల్లో, స్వీటు షాపుల్లో ‘క్లాత్ బ్యాగ్’ పేరుతో ఇచ్చేది ఎక్కువగా నాన్‌వోవెన్ పాలీప్రొపిలీన్. అంటే నేసిన గుడ్డ కాదు, ప్లాస్టిక్ పోగులను వేడితో అతికించిన అట్ట. రెండేళ్లు మేకుకు వేలాడదీస్తే ఎండ తగిలినచోట పెళుసెక్కి, చేత్తో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి కూడా ప్లాస్టిక్కే.

చట్టం కూడా దాన్ని ప్లాస్టిక్‌గానే చూస్తుంది. దేశంలో 2021 సెప్టెంబరు 30 నుంచి చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే తక్కువ బరువున్న నాన్‌వోవెన్ సంచులను నిషేధించారు. మామూలు ప్లాస్టిక్ క్యారీ బ్యాగులకు ఉండాల్సిన కనీస మందం అదే రోజు నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెరిగింది. కొట్లో ఇచ్చే పల్చటి కవరు ఈ కొలతకు ఆమడ దూరంలో ఉంటుంది.

చూడగానే గుర్తుపట్టాలంటే సంచిని వెలుతురుకు అడ్డం పెట్టండి. నేసిన గుడ్డలో నిలువు పోగులు (పడుగు), అడ్డ పోగులు (పేక) ఒకదాని మీదుగా ఒకటి వెళ్లడం కనిపిస్తుంది, అంచున గోటితో లాగితే ఒక్క దారం ఊడివస్తుంది. నాన్‌వోవెన్‌లో దారమే ఉండదు. దాని మీద వరసగా చిన్న చుక్కల్లాంటి గుంటలు కనిపిస్తాయి, అవి వేడి రోలరు నొక్కిన గుర్తులు. కుట్లకు బదులు అంచులు కరిగించి అతికించి ఉన్నా ఇక అనుమానం అక్కర్లేదు.

నేసిన గుడ్డే అయినా అది పత్తా, పాలిస్టరా, రెండూ కలిపిందా అన్నది కంటికి తెలియదు. దానికి మంట పరీక్ష ఉంది. లోపలి అంచు నుంచి పడుగు పోగులు రెండు, పేక పోగులు రెండు తీసి విడివిడిగా చూడాలి. కొన్ని గుడ్డల్లో పడుగు పాలిస్టరు, పేక పత్తి ఉంటాయి, ఒక్కటే చూస్తే తప్పుతుంది. స్టీలు పళ్లెం మీద, పట్టకారుతో పట్టుకుని, ఫ్యాను ఆపి, నెమ్మదిగా అగ్గిపుల్ల మంటకు దగ్గరకు తీసుకురండి.

పత్తి, జనపనార అయితే పోగు మంటకు జంకదు, వెంటనే అంటుకుంటుంది. కాగితం కాలిన వాసన వస్తుంది. మంట ఆరాక నిప్పు కణిక కాసేపు పాకుతుంది, చివరికి మిగిలేది వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద. పాలిస్టరైతే మంట దగ్గరకు రాగానే ముడుచుకుని వెనక్కి పోతుంది, కరుగుతుంది, నల్లటి పొగ వస్తుంది, చల్లారాక గోటికి గట్టిగా తగిలే నల్ల పూస మిగులుతుంది. పాలీప్రొపిలీన్ కరిగి చుక్కలుగా కారుతుంది, ఆరిపోయిన కొవ్వొత్తి వాసన వస్తుంది. బూడిదా, అందులో గట్టి పలుకులూ రెండూ కనిపిస్తే అది కలగలుపు గుడ్డ. కలగలుపు గుడ్డ బలహీనమేమీ కాదు, కానీ చివరికి మట్టిలో కలవదు. కాబట్టి సహజ నార ధర పెట్టి దాన్ని కొనకండి.

నీటి చుక్క వేసి పీల్చుకుంటే పత్తి అని కొందరు చెబుతారు. కొత్త కోరా గుడ్డ మీద ఆ పరీక్ష పనిచేయదు. పత్తి పోగుకు సహజంగా ఉండే మైనం, మగ్గం మీద పెట్టిన గంజి పోయేదాకా అచ్చమైన పత్తి మీద కూడా చుక్క నిలబడే ఉంటుంది.

జనపనార సంచిలో వేరే తిరకాసు ఉంది. బయట నార, లోపల పల్చటి ప్లాస్టిక్ పొర. సంచి నిటారుగా నిలబడటానికి, పిండి రాలకుండా ఉండటానికి దాన్ని అతికిస్తారు. లోపల వేలితో రాస్తే నున్నగా జారుతుంది. ఇంకా అనుమానంగా ఉంటే సంచి గుడ్డను నోటికి ఆనించి ఊదండి: పొర లేకపోతే గాలి అవతలికి పోతుంది, ఉంటే బుగ్గలు ఉబ్బుతాయి. పొర ఉన్న సంచి వర్షంలో పనికొస్తుంది, తుడిచి శుభ్రం చేసుకోవచ్చు. కానీ రెండు మూడేళ్లకు ఆ పొర పొలుసులు పొలుసులుగా ఊడుతుంది, ఆ తర్వాత ఆ నారను ఎరువు గుంతలో వేయలేం.

‘కంపోస్టబుల్’ అని రాసిన పల్చటి కవర్ల గురించి ఒక మాట. అవి సుమారు 58 డిగ్రీల వేడి నిలిచే పెద్ద కంపోస్టు యూనిట్లలో కుళ్లేలా తయారైనవి. పెరటి గుంతలో అంత వేడి నిలవదు. వాటిని సంచికి ప్రత్యామ్నాయం అనుకోకండి.

ఏ నార ఏ పనికి

పత్తి అన్ని పనులకూ తగింది. మడుస్తాం, ఉతుకుతాం, మరిగిస్తాం. తడిస్తే బరువెక్కుతుంది గానీ బలం తగ్గదు, పత్తి పోగు తడిసినప్పుడు ఇంకాస్త గట్టిపడుతుంది. జనపనార సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది: పొడిగా ఉన్నంతసేపు పదీ పన్నెండు కిలోలు అవలీలగా మోస్తుంది, తడిస్తే బలం తగ్గుతుంది. వానలో నానిన జనపనార సంచిని నిండుగా సరుకుతో చేతికి వేలాడదీయకండి, అడుగున చెయ్యి పెట్టి పట్టుకోండి.

మన దగ్గర జనపనార పేరుతో వచ్చే సరుకులో గోగునార కూడా ఉంటుంది. గోంగూర కుటుంబానికే చెందిన గోగును శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నార కోసం వేసేవారు. కాడలను చెరువు నీళ్లలో ఊరబెట్టి నార తీస్తారు. నెల్లిమర్ల, ఏలూరు లాంటి ఊళ్లకు మిల్లుల పేరొచ్చింది ఈ నారల వల్లే. గోగునార కాస్త ముతకగా, గరుకుగా ఉంటుంది. సంచికి అది లోపం కాదు, నున్నగా అందంగా ఉండాలంటే మాత్రం జనపనారే ఎంచుకోండి.

కొత్త జనపనార సంచి కిరసనాయిల్‌లాంటి వాసన వేస్తే కారణం ఇది: నారను మెత్తబరచడానికి మిల్లులో ఖనిజ నూనె కలిపిన నీళ్లు చల్లుతారు. ఆహార పదార్థాల సంచుల కోసం దాని బదులు తవుడు నూనెలాంటి వంటనూనెలు వాడే పద్ధతి ఉంది. కొనేటప్పుడు సంచిలో ముక్కు పెట్టి చూడండి. వాసన ఘాటుగా ఉంటే పప్పులు, పిండి విడిగా వేయడానికి ఆ సంచి తీసుకోకండి. తేలికపాటి వాసనైతే నాలుగైదు రోజులు గాలి ఆడేచోట నీడలో వేలాడదీస్తే పోతుంది.

వెదురు బుట్ట టమాటాలకు, గుడ్లకు, మామిడిపళ్లకు అన్ని సంచుల కంటే మేలు, నలగనివ్వదు. మేదరివాళ్ల దగ్గర కొనేటప్పుడు పిడి బద్ద బుట్ట అడుగుదాకా వెళ్లి అల్లికలో కలిసిందా, పైఅంచుకే కట్టి వదిలేశారా అని తిప్పి చూడండి. తాటాకు, ఈతాకు బుట్టలు తేలిగ్గా ఉంటాయి, ఎండాకాలంలో పెళుసెక్కి విరుగుతాయి, వానాకాలంలో బూజు పడతాయి. అరటినార సంచులు చూడముచ్చటగా ఉంటాయి గానీ రోజూ బరువు మోసే పనికి వద్దు.

గుడ్డ బరువు ఎంతుండాలి

గుడ్డ మందాన్ని చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెబుతారు, వ్యాపారులు జీఎస్ఎం అంటారు. విడి కూరల సంచికి 60 నుంచి 80, మడిచి పెట్టుకునే తేలిక సంచికి 120 నుంచి 150, వారపు కూరగాయలకు 200 నుంచి 250, నెల సరుకులకు 300 దాటిన కాన్వాసు. కాన్వాసును ఔన్సుల్లో అమ్మితే ఒక ఔన్సును 34 గ్రాములుగా లెక్కేసుకోండి. పోలికకు, ధాన్యం కొనుగోలుకు వాడే 50 కిలోల బీ-ట్విల్ గోనె సంచి 94 సెంటీమీటర్ల పొడవు, 57 వెడల్పు, 580 గ్రాముల బరువు ఉంటుంది. అంటే దాని నేత చదరపు మీటరుకు దాదాపు 540 గ్రాములు. చేతి సంచికి అంత అక్కర్లేదు, అందులో సగం చాలు.

అమ్మేవాళ్లు చెప్పిన జీఎస్ఎం నమ్మాలా వద్దా అన్నది వంటింటి త్రాసుతో తేలిపోతుంది. 40 × 45 సెంటీమీటర్ల సంచికి రెండు వైపులా కలిపి 0.36 చదరపు మీటరు గుడ్డ. 150 జీఎస్ఎం అయితే గుడ్డే 54 గ్రాములు, పిడులు, అంచు మడతలు కలిపి మొత్తం 70 గ్రాముల చుట్టుపక్కల ఉండాలి. 45 గ్రాములే తూగిందంటే చెప్పింది నిజం కాదు.

ఇంకో సంగతి, గంజి. పల్చటి గుడ్డకు దట్టంగా గంజి పట్టిస్తే కొట్లో చేతికి బరువుగా, బిర్రుగా తగులుతుంది. ఒక్క ఉతుకు తర్వాత జాలీ గుడ్డలా వేలాడుతుంది. గుడ్డను రెండు చేతుల మధ్య గట్టిగా రుద్ది చూడండి. తెల్లటి పొడి రాలినా, రుద్దినచోట నేత సందులు తేలినా వదిలేయండి.

బొమ్మలు, అక్షరాలు అచ్చు వేసిన సంచైతే అచ్చును వేలితో సాగదీయండి. ప్లాస్టిసాల్ రంగు గుడ్డ మీద రబ్బరు పొరలా కూర్చుని బీటలు వారుతుంది, ఇస్త్రీపెట్టె తగిలితే అంటుకుంటుంది. నీటి రంగుతో వేసిన అచ్చు గుడ్డలోకి ఇంకి ఉంటుంది, వేలికి తేడా తెలియదు. రెండోదే కావాలి.

సంచి తెగేది ఎక్కడ

గుడ్డ మధ్యలో చిరిగిన సంచి అరుదు. తెగేది పిడి దగ్గరే. అదీ పిడి తెగి కాదు, కుట్టు తెగి కూడా కాదు. పిడి కుట్టినచోట కింద ఉన్న గుడ్డ అడ్డంగా చిరుగుతుంది. ఎనిమిది కిలోల బరువంతా రెండున్నర సెంటీమీటర్ల పట్టీలు నాలుగు, వాటి కింద సూది గుచ్చిన రంధ్రాల వరస మోస్తున్నాయి. కుట్లు మరీ దగ్గరగా ఉంటే ఆ వరస చింపుకోవడానికి వీలుగా చిల్లులు పెట్టిన తపాలా బిళ్ల అంచులా మారుతుంది. అంగుళానికి ఎనిమిది కుట్లు సరైన లెక్క. పన్నెండు, పదిహేను వేస్తే గట్టిదనం రాదు, పోతుంది.

సంచి లోపలికి చూసి మూడు విషయాలు గమనించండి. పిడి చివర పైఅంచు మడతలోకి దూరి ఉందా, లేక పైపైన అంటించినట్టు ఉందా. కుట్టు చదరంగా వేసి మధ్యలో ఇంటూ గుర్తు కొట్టారా, లేక ఒక్క అడ్డ గీతతో సరిపెట్టారా. వెనక ఇంకో గుడ్డ ముక్క దన్నుగా ఉందా. ఈ మూడూ ఉన్న సంచి ఐదారేళ్లు వస్తుంది. వీటన్నిటి కంటే మేలైన కట్టు ఇంకొకటుంది: పిడి పట్టీ పైఅంచు దగ్గర ఆగకుండా సంచి ఒంటి మీదుగా దిగి, అడుగు కిందుగా తిరిగి, అవతలి వైపు పైకి వచ్చేది. అప్పుడు బరువు మోసేది పట్టీ, గుడ్డ సరుకు జారకుండా పట్టుకుంటుంది అంతే. నెల సరుకుల సంచి కొంటే ఇలాంటిదే వెతకండి.

జనపనార సంచులకు తాడు పిడి వేసి, రేకు రింగుల్లోంచి దూర్చి ముడి వేస్తారు. రింగు వదులైతే రెండు వేళ్లతో తిప్పగానే తిరుగుతుంది. అలా తిరిగితే కొనకండి, నార ఒక్కో పోగే జారి రింగు ఊడివస్తుంది.

పిడి పొడవు కూడా చూసుకోవాలి. భుజానికి తగిలించాలంటే పైఅంచు నుంచి పిడి నడిమికి 25 సెంటీమీటర్లు కావాలి. అదే సంచిని చేత్తో పట్టుకుంటే పొట్టివాళ్లకు అడుగు నేలకు రాసుకుంటుంది. స్కూటర్ ముందు కొక్కానికి తగిలించేవాళ్లు సంచి ఎత్తు, పిడి కలిపి కొక్కెం నుంచి ఫుట్‌బోర్డుకు ఉన్న దూరం మించకుండా కొలుచుకోవాలి. బైకు హ్యాండిల్‌కు మాత్రం ఏ సంచీ వేలాడదీయకండి, మలుపులో ముందు చక్రానికి అడ్డొస్తుంది.

ఇంట్లో కుట్టుకుంటే

పాత దుప్పటి, జీన్సు ప్యాంటు, గట్టి నేత చీర ఉంటే కొత్త గుడ్డ కొనే పనే లేదు. మొదట్లో చెప్పిన 131 లెక్క వీటికి వర్తించదు, గుడ్డ ఎప్పుడో తయారైపోయింది. పాత గుడ్డను రెండు చేతులతో అడ్డంగా గట్టిగా లాగి చూడండి. ‘పర్ర్’మని శబ్దం వస్తే నేత చివికిపోయిందన్నమాట, అది తుడుపుగుడ్డకే. చీరల్లో కొంగు, అంచు వైపు గుడ్డ గట్టిగా ఉంటుంది, కూర్చునే చోట నలిగిన భాగం వదిలేయండి.

కొత్త గుడ్డైతే 36 అంగుళాల పన్నా ఉన్న ముతక కోరా గుడ్డ, 200 జీఎస్ఎం పైన, 110 సెంటీమీటర్లు తీసుకోండి. దీంతో 36 వెడల్పు, 38 ఎత్తు, 12 సెంటీమీటర్ల అడుగు ఉన్న సంచి వస్తుంది. మిషనుకు 16 నంబరు సూది వేయండి. 14తో పిడి మడతల దగ్గర సూది వంగుతుంది, కుట్టు దాటేస్తుంది. దారం పత్తిదైతే సంచి మొత్తం మట్టిలో కలుస్తుంది, పాలిస్టరు దారమైతే ఎక్కువ కాలం ఆగుతుంది. మా సలహా పత్తి దారం, బరువు పడే కుట్లు రెండేసి సార్లు.

1. కత్తెర వేయకముందే గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, వేడినీళ్లలో ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. ఉతకని కోరా గుడ్డ నూటికి ఐదు నుంచి ఎనిమిది వంతులు కుదించుకుపోతుంది. ఇది మానేస్తే మొదటి ఉతుక్కే సంచి ఒకలా, పిడి ఒకలా ముడుచుకుని వంకర పోతుంది.

2. పడుగు పొడవు వెంట 96, అడ్డంగా 51 సెంటీమీటర్ల ముక్క ఒకటి కత్తిరించండి. అడుగున కుట్టు లేకుండా ఒకే ముక్క మడత పడాలి. పక్కన మిగిలిన పట్టీలోంచి పిడులకు 65 × 10 ముక్కలు రెండు, దన్నుకు 5 × 5 ముక్కలు నాలుగు తీయండి. పిడులు కూడా పడుగు పొడవు వెంటే తీయాలి, అడ్డంగా తీస్తే సాగిపోతాయి.

3. పిడి ముక్కను పొడవునా సగానికి మడిచి గుర్తు పెట్టి, రెండు అంచులను ఆ గుర్తు దగ్గరకు మడిచి, మళ్లీ సగానికి మడవండి. నాలుగు పొరలు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు. రెండు అంచుల వెంటా కుట్టండి. ఈ శ్రమ వద్దనుకుంటే మంచానికి వాడే నూలు నవారు కొనండి, కానీ ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికేది నైలాన్ నవారు, మంట పరీక్ష చేసి తీసుకోండి.

4. పెద్ద ముక్కను మంచి వైపు బయటికి ఉండేలా సగానికి మడిచి, రెండు పక్కలా అంచుకు అర సెంటీమీటరు లోపల కుట్టండి. తిరగేసి, కుట్టును వేలితో నొక్కి చదును చేసి, మళ్లీ ఒక సెంటీమీటరు లోపల కుట్టండి. పోగులన్నీ లోపల బందీ అవుతాయి, ఓవర్‌లాక్ అవసరం లేదు, పప్పు బద్దలు అంచుల్లో ఇరుక్కోవు.

5. సంచి తిరగేసే ఉంచి, అడుగు మూలను పక్క కుట్టు మధ్యలోకి వచ్చేలా త్రికోణంగా పరచండి. కొస నుంచి ఆరు సెంటీమీటర్లు కొలిచి, అక్కడ కుట్టుకు అడ్డంగా సుద్దతో గీత గీయండి. గీత పొడవు పన్నెండు రావాలి. గీత మీద రెండుసార్లు కుట్టండి. రెండో మూలా అంతే. త్రికోణాలు కత్తిరించకుండా అడుగు మీదికి మడిచి కుట్టేస్తే అడుక్కు రెండో పొర అవుతుంది.

6. పైఅంచును ఒక సెంటీమీటరు, ఆపైన మూడు సెంటీమీటర్లు మడవండి. పిడి కొసలను నడిమి నుంచి చెరో తొమ్మిది సెంటీమీటర్ల దూరంలో, మూడేసి సెంటీమీటర్లు మడత లోపలికి దూర్చండి. వాటి వెనక దన్ను ముక్కలు పెట్టి అంచంతా చుట్టూ కుట్టండి. తర్వాత పిడిని పైకి తిప్పి, మూడు సెంటీమీటర్ల ఎత్తున చదరం కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకు ఇంటూ కొట్టండి. ప్రతి కుట్టు మొదట్లో, చివర్లో మిషను నాలుగు కుట్లు వెనక్కి తిప్పండి.

పూర్తయ్యాక ఎనిమిది లీటర్ల నీళ్ల సీసాలు వేసి ఒక గంట మేకుకు వేలాడదీయండి. కుట్టు జారేదుంటే బజారులో కాకుండా అక్కడే తెలుస్తుంది.

పాత గోనె సంచితో కుట్టేవాళ్లు ఒక జాగ్రత్త పాటించాలి. అది బియ్యం, ధాన్యం, పప్పులు తెచ్చిన గోనె అయి ఉండాలి. గులాబీ, ఎరుపు రంగు మందు పట్టించిన విత్తనాలు వచ్చిన సంచి ఎన్నిసార్లు ఉతికినా తిండి సరుకుకు పనికిరాదు. కత్తిరించే చోట ముందుగా రెండు కుట్టు వరసలు వేసి వాటి మధ్య కోయండి, లేకపోతే పోగులు ఊడి ముక్క చేతిలోనే విడిపోతుంది.

బజారులో

మన సంచిలో తూకం వేస్తే సంచి బరువు సరుకు లెక్కలోకి పోతుంది. కిలో నలభై రూపాయల వంకాయల దగ్గర 30 గ్రాముల సంచి వల్ల పోయేది రూపాయికి కాస్త ఎక్కువ, కిలో తొమ్మిది వందల జీడిపప్పు దగ్గర 27 రూపాయలు. ఎలక్ట్రానిక్ కాటా మీద ఖాళీ సంచి పెట్టి ‘టేర్’ బటన్ నొక్కమనండి, సున్నా చూపిస్తుంది. రైతుబజారులో తక్కెడ ఉంటే సరుకును పళ్లెంలో తూచాకే సంచిలోకి ఒంపించుకోండి. మల్లు సంచుల మూల మీద వాటి బరువు చెరగని మార్కరుతో రాసి పెట్టుకుంటే సూపర్‌మార్కెట్ కౌంటరులో కూడా వాదన ఉండదు.

నింపేటప్పుడు ఉల్లి, బంగాళాదుంప, సొర అడుగున, టమాటా, ఆకుకూరలు పైన. తడి ఆకుకూరలను మల్లు సంచిలో వేసి పెద్ద సంచిలో పెట్టండి, మట్టి అంతటా అంటదు. ఇంటికొచ్చాక ఆ మల్లు సంచినే తడిపి పిండి, కొత్తిమీర, పుదీనా అందులోనే ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. సంచి ఆరినప్పుడల్లా మళ్లీ కొద్దిగా తడపాలి.

సంచి మరిచిపోవడమే ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద అడ్డంకి. సరుకు సర్దిన వెంటనే ఖాళీ సంచిని మేకుకు కాకుండా చెప్పుల స్టాండు దగ్గరో, డిక్కీలోనో పెట్టేయడం ఒక్కటే పనిచేసే మందు.

ఉతకడం, మరకలు, వానాకాలం

కూరగాయల సంచి వారానికోసారి, మిగతావి నెలకోసారి ఉతికితే చాలు. పత్తి సంచికి వేడినీళ్లు, మామూలు సబ్బుపొడి. రంగు సంచులను మొదటి రెండుసార్లు విడిగా ఉతకండి, ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు. పసుపు మరక మీద సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది, కంగారు పడకండి. జాడించి రెండు మూడు రోజులు ఎండలో వేస్తే సూర్యరశ్మికే వెలిసిపోతుంది. నూనె మరకకు గిన్నెలు తోమే ద్రవం పెట్టి పది నిమిషాలు ఆగండి.

జనపనారను వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు, వేడినీళ్లలో నానబెట్టకూడదు, పిండకూడదు. దులిపి, చన్నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవండి. తప్పక ఉతకాల్సి వస్తే చన్నీళ్లలో రెండు నిమిషాలు ముంచి తీసి, లోపల పాత కాగితాలు కుక్కి ఆకారం నిలిపి, నీడలో ఆరబెట్టండి. జనపనారలో ఉండే లిగ్నిన్ ఎండకు పసుపు, గోధుమ రంగుకు తిరుగుతుంది, అది మురికి కాదు.

వానాకాలంలో తడి సంచి మడిచి పెడితే మూడో రోజుకు నల్లటి బూజు చుక్కలు పడతాయి. పత్తిదైతే పది నిమిషాలు నీళ్లలో మరిగించి ఎండలో వేయండి. వాసన పోతుంది, చుక్కలు పూర్తిగా పోకపోవచ్చు. జనపనారకు బూజు లోతుగా పడితే నార చివికిపోతుంది, ఆ సంచిని బరువుకు వాడకండి. నెలల తరబడి దాచే సంచులకు గంజి పెట్టకండి, వెండిపురుగులు గంజి కోసమే గుడ్డను కొరుకుతాయి.

చిరిగాక

పిడి దగ్గర చిరుగు మొదలైన రోజే పాత జీన్సు ముక్క వెనక పెట్టి చదరం కుట్టు వేయండి, వేలెడు చిరుగు రెండు వారాల్లో జానెడవుతుంది. బాగుచేయలేని స్థితికి వచ్చిన పత్తి సంచి తుడుపుగుడ్డ అవుతుంది. అదీ అయిపోయాక లేబులు, జిప్పు, రబ్బరు అచ్చు ఉన్న భాగం, పాలిస్టరు దారం తీసేసి, రెండంగుళాల ముక్కలు చేసి, తడిపి కంపోస్టులో ఆకుల మధ్య వేయండి. పెద్ద ముక్కలుగా వేస్తే చుట్ట చుట్టుకుని గాలి ఆడక ఏడాదైనా అలాగే ఉంటాయి. పొర లేని జనపనార సంచిని విప్పి మిద్దె తోటలో కుండీ మట్టి మీద పరిస్తే తేమ నిలుపుతూ దానంతటదే కుళ్లిపోతుంది. పారేసే ముందు నవారు పిడులు మాత్రం కుట్లు విప్పి తీసి ఉంచుకోండి. సంచి ఒళ్లు చివికినా అవి చాలాసార్లు బాగానే ఉంటాయి, తర్వాత కుట్టబోయే సంచికి పనికొస్తాయి.